తొట్టి మరుగుదొడ్డికి ఏ మందు చౌక?

మురుగు కాలువతో గొట్టపు సంబంధం లేకుండా, అడుగున అమర్చిన తొట్టిలోనే మలమూత్రాలను కొంతకాలం నిలవ ఉంచే మరుగుదొడ్డి ఏ రూపంలో ఉన్నా దాని సమస్య ఒకటే: నిలవ ఉన్నది కుళ్లుతుంది, కుళ్లినది కంపు కొడుతుంది, ఆ కంపును అణచడానికి ఏదో ఒక మందు పోయవలసి వస్తుంది. సినిమా షూటింగుల వార్తల ద్వారా తెలుగు పాఠకులకు పరిచయమైన కారవాన్‌లోనూ, డిసెంబరు 6న అంబేడ్కర్ వర్ధంతికి దాదర్ శివాజీ పార్కుకు తరలివచ్చే జనం కోసం ముంబయి నగరపాలక సంస్థ నిలిపే సంచార మరుగుదొడ్లలోనూ, భవన నిర్మాణాల దగ్గర కూలీల కోసం పెట్టే ప్లాస్టిక్ గదులలోనూ, చాల్ అని పిలిచే పాత ఉమ్మడి నివాసంలోని ఒంటి గదిలో మంచం పక్కన వృద్ధుల కోసం ఉంచే కమోడ్ కుర్చీలోనూ పనిచేసేది ఈ సూత్రమే. అయితే వీటికి వాడే మందును సీసా మీది ధర చూసి ఎంచుకోవడమే సాధారణంగా జరుగుతుంది. నిజానికి చూడవలసినవి మూడు: ఒకసారి తొట్టి నింపడానికి పడే ఖర్చు, ఆ తొట్టిని చివరకు ఖాళీ చేసే చోటు, ఆ పని చేసే మనిషి క్షేమం.

తట్ట నుంచి తొట్టి దాకా

ముంబయి తెలుగువారి చరిత్రలో ఈ ప్రశ్న కొత్తది కాదు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే సముద్రపు కట్ట పూర్తయి, వర్లీకి దిగువనున్న పల్లపు నేలలు క్రమంగా నివాసయోగ్యమైన తరువాత, నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి వచ్చిన కామాఠీలు, అంటే ఇళ్లు, రోడ్లు కట్టే శ్రామికులు, స్థిరపడిన చోటే కామాఠీపుర. ఆ తరువాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బట్టల మిల్లులలో పనికి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు వర్లీ, ప్రభాదేవి, నాయ్‌గావ్, లోయర్ పరేల్ చాళ్లలో చేరాయి. భూగర్భ మురుగు కాలువలు అన్ని వీధులకూ అందకముందు ఈ నగరంలో చాలా ఇళ్లకు తట్ట మరుగుదొడ్లే ఉండేవి. ఇళ్ల వెనుక హౌస్ గల్లీ అని పిలిచే ఇరుకు సందులోంచి వచ్చి, హలాల్‌ఖోర్లు అనే పారిశుధ్య కార్మికులు ఆ తట్టలను చేతులతో ఎత్తి ఖాళీ చేసేవారు.

1920ల తొలి సంవత్సరాలలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లలో మరుగుదొడ్లు కాలువకు కలిశాయి గాని, అవి గదుల్లోకి రాలేదు. వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివడీలలో కలిపి 207 భవనాలు ఉండేవి; ఒక్కో భవనంలో 80 గదులు, ఒక్కో అంతస్తుకు 20; ఒక్కో గది విస్తీర్ణం 160 చదరపు అడుగులు. నడవలేని ముసలివారికి, తుంటి విరిగి మంచాన పడ్డవారికి, బాలింతలకు వరండా చివరనున్న ఉమ్మడి సండాస్, అంటే మరుగుదొడ్డి, అందని దూరమే. అందువల్ల ఇలాంటి ఇళ్లలోకి కమోడ్ కుర్చీ వస్తుంది. మధ్యలో రంధ్రమున్న పీట, దాని కింద చేతిపిడి గల ప్లాస్టిక్ బకెట్ ఉండే ఆ కుర్చీకి, పొయ్యికి మధ్య దూరం నాలుగు అడుగులు మించని గదిలో ఏ మందు వాడాలన్నది ఆరోగ్య ప్రశ్న కూడా.

కంపు పుట్టే తీరు

మందు ఎంపికకు ముందు కంపు ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు తమలోని యూరియేజ్ అనే ఎంజైముతో విడగొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. ముక్కుకు ఘాటుగా తగిలేది ఇదే. గాలి చొరబడని తొట్టి అడుగున పెరిగే మరో రకం సూక్ష్మజీవులు సల్ఫేటు లవణాలను వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన దీనిది. తక్కువ మోతాదులో ఇది చికాకు మాత్రమే, కాని మోతాదు పెరిగేకొద్దీ అది వాసన పట్టే శక్తినే మొద్దుబార్చి, మనిషికి తెలియకుండానే ప్రాణం తీయగలదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇటువంటి జీవరసాయన చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుంది కనుక, చల్లని దేశాల కారవాన్‌లలో నాలుగైదు రోజులు పనిచేసే మందు మే నెల ముంబయిలో రెండు రోజులకే చేతులెత్తేయవచ్చు. మందు పని ఈ సూక్ష్మజీవులను చంపడమో, వాటి ఆహారపు దారి మళ్లించడమో, వాటి స్థానంలో వేరే జీవులను పెంచడమో అయి ఉంటుంది. కేవలం సువాసన కలిపిన ద్రవం ఈ మూడింటిలో ఏదీ చేయదు.

వీధి అంగడిలో దొరికేవి

అందరికీ తెలిసినదీ, అందరూ చౌక అనుకొనేదీ ఫినాయిల్. నల్ల ఫినాయిల్ బొగ్గు తారు నుంచి తీసిన ఫినాల్ జాతి పదార్థాలను సబ్బు ద్రావణంతో కలిపి చేసినది కాబట్టి, బకెట్ నీటిలో నాలుగు చుక్కలు వేయగానే నీరు పాలలా తెల్లబడుతుంది. తెల్ల ఫినాయిల్‌లో మాత్రం ప్రధానంగా ఉండేది పైన్ నూనె. వర్లీ, ప్రభాదేవి తెలుగువారికి ఈ సరుకు ఇరుగుపొరుగుదే. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ కలకత్తాలో స్థాపించి, 1901లో లిమిటెడ్ కంపెనీగా మార్చిన బెంగాల్ కెమికల్స్ సంస్థ 1938లో తన ముంబయి కర్మాగారాన్ని పెట్టింది ప్రభాదేవిలోనే. అక్కడి బస్‌స్టాపుకు కూడా ఆ పేరే నిలిచింది.

ఫినాయిల్ బలాన్ని రీడియల్-వాకర్ గుణకంతో కొలుస్తారు. 1903లో ఇద్దరు బ్రిటిష్ రసాయనవేత్తలు రూపొందించిన ఈ పరీక్షలో, టైఫాయిడ్ సూక్ష్మజీవిని చంపడంలో ఒక ద్రవం శుద్ధ ఫినాల్ కంటే ఎన్ని రెట్లు శక్తిమంతమో తేలుతుంది. గుణకం 10 ఉన్న ఫినాయిల్‌ను, గుణకం 5 ఉన్నదాని కంటే రెట్టింపు పలుచన చేసి వాడవచ్చు. అందువల్ల డబ్బా మీద ఈ అంకె చూడకుండా ధర పోల్చడం వ్యర్థం. అయితే ఈ పరీక్ష జరిగేది శుభ్రమైన నీటిలో. మలపదార్థం కలిసినప్పుడు క్రిమిసంహారక శక్తి ఎంతగా పడిపోతుందో చూడడానికి 1908లో హారియెట్ చిక్, చార్లెస్ మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షద్రవంలో ఎండిన మలం పొడి కలిపి చూశారు. అదే ద్రవం అక్కడ గణనీయంగా బలహీనపడింది. ఫినాయిల్ నేల కడగడానికి మంచిదే గాని, నిండిన తొట్టిలో పోస్తే చాలా ఎక్కువ పోయవలసి వచ్చి, చౌకదనం అక్కడే కరిగిపోవడానికి కారణం ఇదే.

బ్లీచింగ్ పౌడర్ విషయంలో నష్టం మరింత స్పష్టం. తాజా పొడిలో పనికొచ్చే క్లోరిన్ 30 శాతానికి పైగా ఉన్నా, వానాకాలపు తేమలో సంచి తెరిచి ఉంచితే అది గడ్డకట్టి రోజురోజుకూ బలం కోల్పోతుంది. పైగా తొట్టిలో ఉన్న సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను క్షణాలలో తినేస్తుంది. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి అది క్లోరమైన్లు అనే, కళ్లనూ గొంతునూ మండించే ఆవిర్లను పుట్టిస్తుంది.

సండాస్ బండల మీది పసుపు చార పోగొట్టడానికి వాడే యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నిలవ ఉన్న తొట్టిలో పడితే అక్కడ కరిగి ఉన్న సల్ఫైడ్‌ను వాయువుగా మార్చి ఒక్కసారిగా పైకి వదులుతుంది. అదే యాసిడ్ బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే వెలువడేది క్లోరిన్ వాయువు. కిటికీ ఒక్కటే ఉన్న గదిలో ఈ రెండింటినీ వెంటవెంటనే వాడడం ప్రాణాపాయం. ఇక కలరా ఉండలు అని జనం పిలిచే నాఫ్తలీన్ గోళీలు వాసనను కప్పిపుచ్చుతాయే తప్ప కుళ్లడాన్ని ఆపవు. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలలో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను చితకగొట్టి తీవ్రమైన రక్తహీనత కలిగించగలదు కనుక, పసివారున్న గదిలో వాటికి చోటు ఉండకూడదు.

తొట్టి కోసమే చేసిన మందులు

తొట్టి మరుగుదొడ్లకే ప్రత్యేకంగా అమ్మే ద్రవాలు మూడు తెగలు. మొదటిది సూక్ష్మజీవులను చంపేది. 1920లలో ఇంగ్లండులో మొదలై, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ బాంబర్ విమానాలలో కూడా అమర్చిన ఎల్సాన్ రసాయన మరుగుదొడ్డి నాటి నుంచి ఈ మార్గం ఉంది. ఇప్పుడు కారవాన్ యజమానులు నీలిరంగు ద్రవం అని పిలిచేది ఎక్కువగా ఈ తెగకు చెందుతుంది. వీటిలో చాలాకాలం ముఖ్యపాత్ర ఫార్మాల్డిహైడ్‌ది. అది వేడిలో కూడా నమ్మకంగా పనిచేస్తుంది, ధర తక్కువ. కాని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దానిని మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. దాని స్థానంలో బ్రోనోపాల్, గ్లూటరాల్డిహైడ్, క్వాటర్నరీ అమ్మోనియం లవణాలు వాడుతున్నారు; ఇవి కూడా సూక్ష్మజీవులను చంపేవే.

రెండో తెగ నైట్రేట్ లవణాలది. సల్ఫేటు కంటే నైట్రేటును వాడుకోవడం సూక్ష్మజీవులకు ఎక్కువ లాభం కనుక, నైట్రేటు దొరికినంతసేపు అవి సల్ఫైడ్ వైపు పోవు. ఎరువుల దుకాణంలో దొరికే కాల్షియం నైట్రేట్ చేసే పని ఇదే. మురుగు గొట్టాలలో కంపు తగ్గించడానికి కొన్ని దేశాల నగరాలు దానినే వాడతాయి. ఇది కుళ్లిన గుడ్డు వాసనను ఆపుతుంది గాని, అమ్మోనియాను ఆపదు.

మూడో తెగ ఎంజైములు, మంచి సూక్ష్మజీవులు కలిసిన జీవద్రవాలు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో గ్వాలియర్ ప్రయోగశాల సియాచిన్ వంటి మంచుప్రాంతాల సైనికుల కోసం పెంచిన సూక్ష్మజీవుల మిశ్రమమే రైళ్లలోని బయో టాయిలెట్లకు ఆధారం. ఇటువంటి తొట్టి ఉన్నచోట ఫినాయిల్ గాని, యాసిడ్ గాని, బ్లీచింగ్ గాని పోస్తే ముందు చచ్చేది పనిచేస్తున్న జీవులే. జీవద్రవాలకు సమయం కావాలి. ఒకటి రెండు రోజులకే ఖాళీ చేసే చిన్న తొట్టిలో అవి తమ బలం చూపేలోపే బయటకు పోతాయి.

లెక్క వేసే పద్ధతి

ఉదాహరణకు ఒక ద్రవం లీటరు 400 రూపాయలు, 20 లీటర్ల తొట్టికి 150 మిల్లీలీటర్లు పోయాలి అనుకుంటే, ఒక నింపుకు 60 రూపాయలు పడుతుంది. మరో గాఢద్రవం లీటరు 700 రూపాయలైనా 60 మిల్లీలీటర్లు చాలితే నింపుకు 42 రూపాయలే. ఖరీదుగా కనబడిన సీసాయే ఇక్కడ చౌక. ఆ అంకెను తొట్టి కంపు లేకుండా నిలిచిన రోజులతో భాగిస్తే రోజు ఖర్చు తేలుతుంది. ఎండాకాలంలో ఈ భాగహారం మళ్లీ చేసుకోవాలి. మోతాదును సగానికి తగ్గించడం పొదుపు కాదు, ఎందుకంటే సగం మందు సూక్ష్మజీవులను సగం చంపి, మిగిలినవి రెండు మూడు పూటలలో తిరిగి పెరగడానికి వదిలేస్తుంది. ద్రవాన్ని ఖాళీ తొట్టిలో, కొద్ది నీటితో కలిపి ముందే పోయాలి. నిండిన తరువాత పైన పోసినది అడుగుకు చేరదు.

ఎక్కడ పోస్తారు, ఎవరు పోస్తారు

కామాఠీపుర, వర్లీ చాళ్ల ఉమ్మడి సండాసులు నగరపు కాలువలకు కలిసి ఉన్నాయి. ఈ ప్రాంతపు మురుగు వర్లీలోని లవ్‌గ్రోవ్ పంపింగ్ కేంద్రం మీదుగా సముద్రం వైపు సాగుతుంది. ఒక బకెట్‌లోని కొద్దిపాటి రసాయనం ఆ ప్రవాహంలో పలుచబడిపోతుంది. సెప్టిక్ ట్యాంకు మీద ఆధారపడిన శివారు నివాసాలలో, నిర్మాణ స్థలాలలో పరిస్థితి వేరు; అక్కడ చంపే తెగ ద్రవాలు ట్యాంకులోని కుళ్లబెట్టే జీవులనూ చంపి, ట్యాంకు త్వరగా నిండేలా చేస్తాయి. అలాంటిచోట జీవద్రవమో, నైట్రేటో మేలు. వానకాలువలో, హౌస్ గల్లీలో పారబోయడానికి ఏ మందూ అనుమతి పత్రం కాదు.

ఖాళీ చేసే పని మనిషి చేతుల మీదుగా జరగకూడదన్నది 2013 నాటి చట్టం సారాంశం. చేతితో మలం ఎత్తించే పనిని అది నిషేధించింది. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టి, సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్న బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా పోరాడుతున్నది ఈ నిషేధం అమలు కోసమే. మురుగు కాలువలలో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. సంచార మరుగుదొడ్లను అద్దెకు తెచ్చే ఉత్సవ మండలి గాని, కాంట్రాక్టరు గాని మందు ధరతో పాటు పీల్చే ట్యాంకరు కిరాయిని కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

మొత్తం మీద తేలేది ఇది. చాల్ గదిలోని కమోడ్ కుర్చీకి ప్రత్యేక రసాయనం అవసరమే లేదు. వాడిన వెంటనే, చేతికి తొడుగుతో, మూతపెట్టిన బకెట్‌ను కాలువకు కలిసిన సండాస్‌లో ఖాళీ చేసి సబ్బునీటితో కడిగి ఆరబెడితే కంపు పుట్టేలోపే పని ముగుస్తుంది. రెండు మూడు రోజులు నిలవ ఉంచే కారవాన్‌కు, ఉత్సవ వాహనానికి ఫార్మాల్డిహైడ్ లేని గాఢద్రవం, సెప్టిక్ ట్యాంకులో పోసేదైతే నైట్రేట్ లేదా జీవద్రవం తగినవి. ఫినాయిల్‌ను నేలకు, యాసిడ్‌ను బండ మీది చారకు పరిమితం చేసి, ఏ రెండు మందులనూ ఒకే తొట్టిలో కలపకుండా ఉండడం పాఠకులు ఈరోజు నుంచే పాటించదగిన, పైసా ఖర్చు లేని జాగ్రత్త.