గడ్డను విడదీయక ఏకఖండంగా తీయడం

కడుపులో పుట్టిన క్యాన్సర్ గడ్డ తన అవయవం గోడను దాటి పక్క అవయవాలకు పాకినా, శరీరంలోని దూరపు భాగాలకు ఇంకా చేరని స్థితిని స్థానికంగా ముదిరిన దశ అంటారు. ముదిరిందన్న మాట వినగానే కుటుంబం ఆశ వదులుకోవడం సహజమే అయినా, ఈ దశలో ఉన్నవారిలో పలువురికి విస్తృత శస్త్రచికిత్సతో వ్యాధిని పూర్తిగా తొలగించుకునే అవకాశం మిగిలే ఉంటుంది.

పెద్దపేగు గడ్డ మూత్రాశయానికి అతుక్కుని కనిపించినప్పుడు, ఆ అతుకు క్యాన్సర్‌దో కేవలం వాపు వల్ల వచ్చినదో ఆపరేషన్ సమయంలో కంటితోగాని చేతితోగాని నమ్మకంగా తేల్చలేరు. విడదీయబోతే గడ్డ చిట్లి క్యాన్సర్ కణాలు కడుపులో చెదిరే ప్రమాదం ఉంది కనుక, పేగు భాగాన్నీ దానికి అంటిన మూత్రాశయపు గోడనూ చుట్టూ కొంత ఆరోగ్యకరమైన కణజాలంతో కలిపి ఒకే ముక్కగా తీస్తారు. ఆ ముక్క అంచులకు పాథాలజీ నిపుణులు సిరా పూసి, పలుచని పొరలుగా కోసి, సిరా అంటిన చోట క్యాన్సర్ కణాలేమైనా మిగిలాయా అని సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఆపరేషన్ ఫలితాన్ని ముఖ్యంగా నిర్ణయించేది ఆ అంచుల శుభ్రతే.

ఇలాంటి శస్త్రచికిత్సల చరిత్ర పాతదే: 1881లో వియన్నాలో శస్త్రవైద్యుడు బిల్‌రోత్ క్యాన్సర్ సోకిన జీర్ణాశయ భాగాన్ని విజయవంతంగా తొలగించగా, 1948లో అమెరికాలో శస్త్రవైద్యుడు బ్రన్‌ష్విగ్ పొత్తికడుపు అవయవాలను కలిపి తీసే పద్ధతిని ప్రకటించారు. నేడు స్కానింగ్‌తో గడ్డ హద్దులను ముందే గుర్తించి, అవసరమైతే కీమోథెరపీతో, పురీషనాళపు గడ్డలకైతే రేడియేషన్‌తో కూడా కుదించి, రోగికి పోషణ అందించి ఆపరేషన్‌కు సిద్ధం చేస్తారు. ముఖ్య రక్తనాళాలను గడ్డ చుట్టేసినా, శరీరం తట్టుకోలేని స్థితిలో ఉన్నా ఈ ప్రయత్నం సాధారణంగా తగదు. గడ్డతో పాటు ప్లీహాన్ని తీసినవారికి టీకాలు, మలమార్గాన్ని పొట్టపైకి మళ్లించినవారికి సంచి వాడకంలో శిక్షణ తప్పనిసరి.

ఇంత పెద్ద ఆపరేషన్‌కు తగిన కేంద్రాలు పెద్ద ఊళ్లలోనే ఎక్కువ. ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్‌లోని గూడూరు జంక్షన్‌లో చీలే రైలు మార్గాల్లో ఒకటి, డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వెలసిన చెన్నైకి, మరొకటి రేణిగుంట మీదుగా స్విమ్స్ వైద్య సంస్థ ఉన్న తిరుపతి వైపు సాగుతుంది. పేగు మూసుకుపోయి ప్రాణం మీదికి వచ్చినప్పుడు, చిన్న ఊరి ఆసుపత్రిలో గడ్డను సగం తీసి వదలడం కన్నా, వీలైన చోట మలమార్గాన్ని తాత్కాలికంగా పొట్టపైకి మళ్లించి, గడ్డ జోలికి పోకుండా రోగిని అలాంటి కేంద్రానికి పంపడమే మేలు. ఎందుకంటే గడ్డను చెక్కుచెదరకుండా తీసే మంచి అవకాశం మొదటి ఆపరేషన్‌లోనే ఉంటుంది.