ఒక ఎమ్మెల్యే... ముగ్గురు కలెక్టర్లు!

పెద్దవంగర వాళ్లెవరైనా కనిపిస్తే 'మీది ఏ జిల్లా?' అని అడిగి చూడండి. 'మహబూబాబాద్' అంటారు. 'మరి నియోజకవర్గం?' అంటే పాలకుర్తి అంటారు. పాలకుర్తి ఉన్నదేమో జనగామ జిల్లాలో! పోనీ, ఎంపీ ఎవరు? మహబూబాబాద్ పేరుతో ఓ లోక్‌సభ స్థానం ఉంది కాబట్టి అదే అయ్యుంటుందనుకుంటాం. కాదు... వీళ్ల ఓటు వరంగల్ ఎంపీకి. ఊరు ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ గీసిన గీతలే రెండుసార్లు కదిలాయి.

మొదటి గీత 2008లో కదిలింది. అంతకుముందు ఇక్కడ పాలకుర్తి నియోజకవర్గమే లేదు. ఉన్నది చెన్నూరు. ఆదిలాబాద్ జిల్లాలోనూ ఓ చెన్నూరు ఉండటంతో ఎన్నికల ఫలితాలొచ్చిన ప్రతిసారీ 'ఏ చెన్నూరు?' అని అడగాల్సి వచ్చేది. మన చెన్నూరు నుంచి నెమరుగొమ్ముల యతిరాజారావు పలుమార్లు గెలిచారు. 1999లో ఆయన కుమారుడు డాక్టర్ సుధాకర్‌రావు తెలుగుదేశం తరఫున, 2004లో దుగ్యాల శ్రీనివాసరావు తెరాస తరఫున అసెంబ్లీకి వెళ్లారు. చెన్నూరుకి అదే ఆఖరి సాధారణ ఎన్నిక.

ఎందుకు పోయిందంటే, కారణం కొంతవరకూ నగరాల్లో ఉంది. 2001 జనాభా లెక్కల ఆధారంగా నియోజకవర్గాల్ని తిరగరాశారు. తెలంగాణ ప్రాంతంలో స్థానాలు 107 నుంచి 119కి పెరిగాయి. సంబరపడాల్సిన విషయమే... కానీ ఉమ్మడి వరంగల్ జిల్లాకు మాత్రం 13 స్థానాలు కాస్తా 12 అయ్యాయి. అదే సమయంలో హైదరాబాద్ జిల్లాలో 13 స్థానాలు 15 అయ్యాయి. నగరం అంచున ఉప్పల్, ఎల్బీనగర్, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి కొత్తగా పుట్టాయి. ఊళ్ల నుంచి పనికోసం బయల్దేరిన బస్సులు ఆగింది ఆ కాలనీల్లోనే కదా! మనిషి వెంట లెక్క కూడా వలసపోయింది. హన్మకొండ 'వరంగల్ పశ్చిమ'గా, వరంగల్ 'వరంగల్ తూర్పు'గా పేర్లు మార్చుకుంటే, చెన్నూరు ఏకంగా మాయమై దాని చోట పాలకుర్తి వచ్చింది.

పేరు మాత్రం బరువైనదే. పాల్కురికి సోమన ఊరది. పోతన బమ్మెర పక్కనే. విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించి తన చేలో పంటను దక్కించుకున్న చాకలి ఐలమ్మది ఈ పాలకుర్తే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా ఈ నియోజకవర్గంలోని దేవరుప్పుల మండలంలో ఉంది. ఇలాంటి నేలమీద ఓటు అడగడం నాయకులకి అంత తేలికైన పనేం కాదు.

కొత్త స్థానానికి తొలి ఎమ్మెల్యే కూడా ఓ రకంగా పునర్విభజన పంపిన అతిథే. ఎర్రబెల్లి దయాకర్‌రావు వర్ధన్నపేటలో 1994, 1999, 2004ల్లో వరుసగా గెలిచారు. ఆ స్థానం ఎస్సీలకు రిజర్వు కావడంతో పాలకుర్తికి వచ్చి 2009లో దుగ్యాలను ఓడించారు. 2014లోనూ తెదేపా నుంచే గెలిచి, 2016లో తెరాసలో చేరారు. 2018లో మళ్లీ గెలిచి మంత్రయ్యారు. 2023లో కథ మారింది. కాంగ్రెస్ నుంచి ఝాన్సీరెడ్డి పోటీ చేయాలనుకుంటే పౌరసత్వం అడ్డొచ్చింది. దాంతో కోడలు మామిడాల యశస్వినిరెడ్డి బరిలోకి దిగారు. వయసు 26. ఆమె చేతిలో ఎర్రబెల్లి 47 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు.

మరి రెండో గీత? అది 2016 అక్టోబరు 11న, దసరా రోజున గీశారు. పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. అప్పటిదాకా కొడకండ్ల మండలంలో ఓ ఊరైన పెద్దవంగర తానే మండలమైంది. ఆఫీసులు దగ్గరకొచ్చాయి, మంచిదే. కానీ కొడకండ్ల జనగామ జిల్లాకి వెళ్తే, పెద్దవంగర తొర్రూరుతో కలిసి మహబూబాబాద్‌కి వెళ్లింది. రాయపర్తి వరంగల్ రూరల్‌లో చేరింది (2021 నుంచి అది వరంగల్ జిల్లా). నియోజకవర్గం మాత్రం అలాగే ఉండిపోయింది. అలా ఒక్క ఎమ్మెల్యేకి మూడు జిల్లాలు, ముగ్గురు కలెక్టర్లు!

దీంతో వచ్చిన ఇబ్బందేంటి అంటారా? ఎమ్మెల్యేకి మూడుచోట్ల సమీక్షా సమావేశాలు. కొడకండ్ల, పెద్దవంగరల మధ్య ఓ రోడ్డు వేయాలంటే రెండు జిల్లాల అధికారులు మాట్లాడుకోవాలి. పింఛను ఫిర్యాదు పట్టుకుని ప్రజావాణికి మహబూబాబాద్ వెళ్లే మనిషి, అసెంబ్లీ ఎన్నికల పనికి మాత్రం జనగామ యంత్రాంగం కిందికి వస్తాడు.

నిజానికి 2002నాటి పునర్విభజన చట్టం ప్రకారం నియోజకవర్గాన్ని గీసేటప్పుడు పరిపాలనా సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలి. 2008లో పాలకుర్తి అంతా ఒకే వరంగల్ జిల్లాలో ఉంది కాబట్టి తప్పు పట్టడానికి లేదు. తర్వాత జిల్లాలు గీసినవాళ్లే నియోజకవర్గాన్ని పట్టించుకోలేదు. రాష్ట్ర విభజన చట్టంలో తెలంగాణ స్థానాల్ని 119 నుంచి 153కి పెంచాలని ఉంది. దాన్ని వెంటనే అమలు చేయించమన్న పిటిషన్‌ని 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మళ్లీ పునర్విభజన అంటూ జరిగితే ముందు ముసాయిదా ప్రచురిస్తారు, అభ్యంతరాలు పంపడానికి గడువు ఇస్తారు, బహిరంగ విచారణ పెడతారు. అప్పుడు పెద్దవంగర ఏం అడగాలి? పాత సోపతి కొడకండ్లతోనే ఉంటామనాలా, తొర్రూరుతో పోతామనాలా? జిల్లా ప్రకారం చూస్తే తొర్రూరు. చుట్టరికాల ప్రకారం చూస్తే... అది ఊళ్లోవాళ్లే కూర్చుని తేల్చుకోవాలి.