పబ్బులు తెరిచారు కదా, షేరు ఎందుకు లేవలేదు?

2021 ఏప్రిల్ 12. మూడు నెలల మూత తర్వాత ఇంగ్లండులో పబ్బులు తెరిచిన రోజు. తెరవడమంటే ఆరుబయట బల్లల దగ్గర మాత్రమే. లోపల కూర్చోవాలంటే మే 17 దాకా ఆగాలి. ఆ ఉదయం లండన్‌లో మంచు కూడా పడింది. లండన్ పక్కన స్లౌలో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, జనం ఓవర్‌కోట్లు వేసుకుని, గ్లౌజులు తొడుక్కుని మరీ చల్లటి బీరు తాగుతున్నారు. వీళ్లని ఏ వైరసూ ఆపలేదు. పబ్ షేర్లు చూస్తే కొవిడ్ ముందు ధరకి ఇంకా పదిహేను శాతం కిందే ఉన్నాయి. ఆ పదిహేనూ మన జేబులో పడ్డట్టే కదా?"

నిజానికి పదిహేను శాతం పడ్డది మళ్లీ పాత చోటికి రావాలంటే పదిహేడున్నర శాతం పైగా లేవాలి. ఆ తేడా వాడికే లాభం కాబట్టి నేను దిద్దలేదు. దిద్దాల్సింది వేరే ఉంది. జనం తిరిగొస్తారన్న మాటలో తప్పులేదు, వచ్చారు కూడా. జనం వస్తే షేరూ పాత ధరకి వస్తుందన్న చోటే లెక్క తప్పింది. తప్పిన తీరు ఒక్క పబ్బులకే కాదు, కొవిడ్ రెండేళ్లలో మూతపడి తెరుచుకున్న ఏ వ్యాపారానికైనా పనికొస్తుంది కాబట్టి కొంచెం నింపాదిగా చూద్దాం.

ముందు పబ్ అంటే ఏమిటో. మనకి ఆ మాట వినగానే జూబ్లీహిల్స్, చీకటి, చెవులు పగిలే పాట గుర్తొస్తాయి. బ్రిటన్‌లో పబ్ అంటే వీధి చివర అరుగు లాంటిది. ముసలాయన మధ్యాహ్నం ఒక పింటు ముందు పెట్టుకుని పేపరు చదువుకుంటాడు, ఆదివారం పిల్లాజెల్లాతో వచ్చి భోంచేస్తారు, కుక్కని కూడా రానిస్తారు. అంటే అక్కడ అమ్మేది మందు ఒక్కటే కాదు, చోటు. మందు ఒక్కటే అయితే సూపర్‌మార్కెట్లో సగం ధరకి దొరుకుతుంది, లాక్‌డౌన్ పొడుగునా దొరికింది కూడా. 2020 మే మొదటి వారంలో మన దగ్గర మద్యం దుకాణాలు తెరిస్తే, ఆంధ్రప్రదేశ్‌లో రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచినా క్యూ తరగలేదు. అది సీసా వ్యాపారం, ఆగిన గిరాకీ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పబ్ వ్యాపారం అలా కాదు. ఏప్రిల్లో తాగని పింటు జూలైలో ఎవరూ బాకీ తీర్చరు. కారు కొనడం వాయిదా వేసినవాడు తర్వాత కొంటాడు. శుక్రవారం సాయంత్రాన్ని వాయిదా వేయలేం.

మూతల సంగతి గబగబా చెప్పేస్తాను, తలుచుకుంటేనే విసుగు. 2020 మార్చి 20న మూశారు, జూలై 4న తెరిచారు. ఆగస్టులో సోమ, మంగళ, బుధవారాలు భోజనం బిల్లులో సగం, మనిషికి పది పౌండ్లకి మించకుండా, సర్కారే కట్టింది. సెప్టెంబరు చివర రాత్రి పదికల్లా కట్టేయమన్నారు. నవంబరులో మళ్లీ మూశారు. డిసెంబరులో కొన్ని ప్రాంతాల్లో 'గట్టి భోజనం' చేస్తేనే మందు పోయాలన్నారు. గట్టి భోజనమంటే ఏది? స్కాచ్ ఎగ్ ఆ లెక్కలోకి వస్తుందా? ఉడికిన గుడ్డుకి ఖీమా పట్టించి నూనెలో వేయించే వంటకం అది, మన ఎగ్ బోండాకి మాంసాహారపు దాయాది. ఒక మంత్రి రావచ్చన్నారు. ఇంకో మంత్రి అది స్టార్టరేనని, ఆ రోజే మళ్లీ కాదు కాదు భోజనమేనని అన్నారు. వందల కోట్ల పౌండ్ల పరిశ్రమ కొన్నాళ్లపాటు ఒక బోండా నిర్వచనం మీద నడిచింది. జనవరిలో మళ్లీ పూర్తి మూత. 2021 జూలై 19కి గానీ ఇంగ్లండులో ఆంక్షలన్నీ పోలేదు.

షేర్లు మాత్రం అంతదాకా ఆగలేదు. 2020 నవంబరు 9న ఫైజర్ టీకా పనిచేస్తోందన్న కబురు రాగానే పబ్బులు, విమానాలు, సినిమా హాళ్ల షేర్లు ఒక్క పూటలో ఎగిరాయి. పబ్బులు అప్పటికి మూసే ఉన్నాయి. మా వాడు చలిలో నిలబడి జనాన్ని లెక్కపెట్టే నాటికి ఆ శుభవార్త ధరలోకి వచ్చి అయిదు నెలలైంది.

అసలు లెక్క ఇక్కడ. వెదర్‌స్పూన్ తీసుకుందాం. దేశంలో అందరికీ తెలిసిన గొలుసు, అప్పట్లో 870 దాకా పబ్బులు. 1979లో టిమ్ మార్టిన్ మొదలుపెట్టాడు. న్యూజిలాండ్‌లో చదువుకునేటప్పుడు తరగతిని అదుపులో పెట్టలేకపోయిన ఒక టీచరు ఇంటిపేరుని, అమెరికన్ టీవీ సీరియల్‌లోని ఒక పాత్ర పొడి అక్షరాలని కలిపి కంపెనీకి పేరు పెట్టాడు. దాని షేరు 2019 చివర 16 పౌండ్ల 60 పెన్స్ ప్రాంతంలో ఉంది. 2021 ఏప్రిల్లో 14 పౌండ్ల చుట్టుపక్కల. బోర్డు మీద చూస్తే మా వాడు చెప్పిన పదిహేను శాతం తక్కువే.

కానీ ఈ మధ్యలో రెండుసార్లు డబ్బు కావాల్సొచ్చింది. తలుపులు మూసున్నా అద్దె, వడ్డీ, కరెంటు ఆగవు. సిబ్బంది జీతాల్లో 80 శాతం, నెలకి 2500 పౌండ్ల దాకా, సర్కారు భరించింది నిజమే. మిగతా ఖర్చు కంపెనీదే. అందుకని 2020 ఏప్రిల్లో షేరుకి 9 పౌండ్ల చొప్పున కొత్త షేర్లు అమ్మి 14.1 కోట్ల పౌండ్లు, 2021 జనవరిలో 11 పౌండ్ల 20 పెన్స్ చొప్పున మరో 9.37 కోట్ల పౌండ్లు తెచ్చుకుంది. భాగించి చూడండి: రెండూ కలిపి దాదాపు 2.4 కోట్ల కొత్త షేర్లు. ఉన్నవి 10.5 కోట్లు, అయినవి 12.9 కోట్లు.

ఇప్పుడు గుణించండి. 2019 చివర 16.60ని 10.5 కోట్లతో గుణిస్తే 174 కోట్ల పౌండ్లు. 2021 ఏప్రిల్లో 14ని 12.9 కోట్లతో గుణిస్తే 180 కోట్లు. షేరు పదిహేను శాతం చౌకగా కనబడుతున్న రోజున కంపెనీని మార్కెట్టు కొవిడ్ ముందుకన్నా ఎక్కువ విలువే కడుతోంది! పైగా అప్పు కూడా సుమారు 74 కోట్ల పౌండ్ల నుంచి 84 కోట్లకి పెరిగింది. అదే పబ్బులు, అదే బీరు, ఎక్కువ అప్పు, ఎక్కువమంది వాటాదార్లు. ఆ ఏడాది జూలైతో ముగిసిన సంవత్సరానికి 15 కోట్ల పౌండ్లకి పైగా నష్టం కూడా. చౌక ఎక్కడుంది?

ఇదే మాట బావమరిదికి చెబితే, "గుణకారాలు సరే బావా, చార్టు చూడు" అన్నాడు. చార్టులో షేర్ల సంఖ్య కనబడదు. పెళ్లి భోజనాల్లో లడ్డూ చిన్నదైతే అందరికీ తెలుస్తుంది, షేరు చిన్నదైతే ఎవరికీ తెలియదు.

కొత్త షేర్లు ఎవరికి అమ్ముతారన్నది ఇంకో సంగతి. వెదర్‌స్పూన్ చేసినదాన్ని అక్కడ ప్లేసింగ్ అంటారు, మన క్యూఐపీ లాంటిది. పెద్ద ఫండ్లకి రాత్రికి రాత్రి అమ్మేస్తారు, చిన్న వాటాదారుకి పొద్దున్నే కబురు తెలుస్తుంది. మిచెల్స్ అండ్ బట్లర్స్ పాత వాటాదార్లనే అడిగింది. టోబీ కార్వరీ, ఆల్ బార్ వన్, హార్వెస్టర్ లాంటి పేర్లతో 1600కి పైగా పబ్బులూ రెస్టారెంట్లూ నడిపే కంపెనీ ఇది. 2021 తొలి నెలల్లో ప్రతి 18 షేర్లకి 7 కొత్త షేర్లు, ఒక్కొక్కటి 210 పెన్స్ చొప్పున కొనమంది. దాన్ని ఓపెన్ ఆఫర్ అన్నారు. మన మార్కెట్లో ఓపెన్ ఆఫర్ అంటే కంపెనీని చేజిక్కించుకునేవాడు మన షేర్లు కొంటాననడం. అక్కడ కంపెనీ మన చేత కొనిపించడం. ఒకే మాట, డబ్బు నడిచే దిక్కు మాత్రం ఎదురు.

ధర 320 పెన్స్ ఉందనుకుని చూద్దాం. మీ దగ్గర 18 షేర్లుంటే విలువ 5760. కొత్తగా 7 కొంటే 1470 కట్టాలి. మొత్తం 7230 పెన్స్, 25 షేర్లు, ఒక్కోటి 289. మర్నాడు ధర 289 కనబడితే మీరు నష్టపోయింది ఏమీ లేదు. కట్టకుండా ఊరుకున్నవాడు మాత్రం నష్టపోయాడు, వాడి వాటా అంతమేర పలచబడింది. మన రైట్స్ ఇష్యూలో కట్టలేనివాడు హక్కునైనా అమ్ముకుని నాలుగు డబ్బులు తెచ్చుకోవచ్చు. ఓపెన్ ఆఫర్‌లో మామూలుగా అదీ లేదు. ఈ ఇష్యూని నిలబెట్టింది ముందునుంచీ ఉన్న పెద్ద వాటాదార్లు కొందరు. వాళ్లంతా ఓడిజియన్ అనే ఒక్క సంస్థ కిందికి చేరి సగానికి పైగా వాటా చేతిలో పెట్టుకున్నారు. చిన్న వాటాదారుకి ఆ తర్వాత వార్షిక సమావేశంలో మిగిలిన అధికారం టీ, బిస్కెట్ల మీదే.

ఇక అప్పు. దీనికి మార్స్టన్స్ అనే పబ్ కంపెనీ కథ చాలు. కోటి రూపాయల ఇల్లు 80 లక్షల లోనుతో కొన్నారనుకోండి. ఇంటి విలువ పది శాతం తగ్గితే మీ సొంత సొమ్ము సగమైపోతుంది, బ్యాంకుది పైసా తగ్గదు. అప్పు మీద నడిచే పబ్ కంపెనీ షేరూ అంతే, పెరిగేటప్పుడు గుర్రం, తగ్గేటప్పుడు బండరాయి. మార్స్టన్స్‌కి అప్పటికి వంద కోట్ల పౌండ్లకి పైగా అప్పుంది. బీరు కాచే వ్యాపారాన్ని కార్ల్స్‌బర్గ్‌తో ఉమ్మడి కంపెనీగా చేసి, 40 శాతం వాటా ఉంచుకుని, కొంత నగదు తెచ్చుకుంది. 2021 జనవరిలో ప్లాటినం ఈక్విటీ అనే అమెరికన్ సంస్థ షేరుకి 105 పెన్స్ ఇస్తాను, మొత్తం కొనేస్తానంది. బోర్డు అది కంపెనీ అసలు విలువకి తక్కువని తిరస్కరించింది. 2023 చివరికి ఆ షేరు 30 పెన్స్ దరిదాపుల్లో తిరిగింది. బోర్డుని మరీ తిట్టలేం. ఆ జనవరిలో కళ్ల ముందున్న అంచనాలన్నీ కోలుకోవడం గురించే. కేంద్ర బ్యాంకు వడ్డీ 0.1 శాతం నుంచి 2023 ఆగస్టుకల్లా 5.25 శాతానికి ఎక్కుతుందని ఎవరి కాగితంలోనూ లేదు. 2024లో మిగిలిన 40 శాతం వాటానీ కార్ల్స్‌బర్గ్‌కే 20.6 కోట్ల పౌండ్లకి అమ్మి అప్పు తగ్గించుకున్నారు.

దీనికి ఎదురు కొసన ఫుల్లర్స్, యంగ్స్ లాంటి లండన్ కంపెనీలున్నాయి. పబ్బుల్లో ఎక్కువ భాగం సొంత స్థలాల్లో ఉన్నవే, కాబట్టి మూతపడినా అద్దె అడిగేవాడు లేడు. ఫుల్లర్స్ అయితే 2019లోనే చిజిక్‌లోని తన బీరు వ్యాపారాన్ని జపాన్ కంపెనీ అసాహికి 25 కోట్ల పౌండ్లకి అమ్మేసింది. మహమ్మారి ముందుచూపు కాదది. అదృష్టం. ఇలాంటి షేర్లలో కిక్కు తక్కువని మా వాడు వీటివైపు చూడలేదు.

మరి జనం పూర్తిగా తిరిగొచ్చాక ఏమైంది? వెదర్‌స్పూన్ అమ్మకాలు 2019లో 182 కోట్ల పౌండ్లు, 2024లో 203 కోట్లు. పాత గీత దాటేశారు. పన్నుకి ముందు లాభం మాత్రం 10.25 కోట్ల నుంచి 7.39 కోట్లకి దిగింది. షేర్లకి పంచి చూస్తే 97 పెన్స్ ప్రాంతంలో ఉండేది 60 పెన్స్ దరిదాపులకి దిగింది. షేరు 2022 అక్టోబరులో 5 పౌండ్ల కిందికి కూడా వెళ్లొచ్చింది.

మధ్యలో మింగింది ఎవరు? కొవిడ్ కాలంలో భోజనాల మీద వ్యాట్ 20 నుంచి 5 శాతానికి తగ్గించారు, 2021 అక్టోబరు నుంచి 12.5 చేశారు, 2022 ఏప్రిల్లో మళ్లీ 20. సరిగ్గా అప్పుడే ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాసు, కరెంటు బిల్లులు విరుచుకుపడ్డాయి. పబ్ వంటగది, బీరు చల్లబరిచే నేలమాళిగ, చలికాలమంతా హాల్లో వెచ్చదనం, అన్నీ మీటరు మీద నడిచేవే. చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీస వేతనం 2020 ఏప్రిల్లో గంటకి 8.72 పౌండ్లు, 2025 ఏప్రిల్లో 12.21. అయిదేళ్లలో 40 శాతం. కూలి పెరగడం మంచిదే, ఆ గ్లాసు తెచ్చిచ్చే పిల్లల్లో మన ఊళ్ల నుంచి ఎంఎస్‌కి వెళ్లినవాళ్లూ ఉంటారు. కానీ పింటు, భోజనం ధరలు అదే జోరుగా పెంచితే గిరాకీ సూపర్‌మార్కెట్‌కి పోతుంది, అక్కడ చాలా ఆహారపదార్థాల మీద వ్యాట్ సున్నా. టిమ్ మార్టిన్ ఈ వ్యాట్ తేడా మీద ఫిర్యాదు ఏళ్ల తరబడి చేస్తూనే ఉన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయనతో వాదించడం కష్టం.

కాబట్టి 2021లో పబ్ షేరు కొనేవాడు వేసుకోవాల్సిన ప్రశ్న జనం వస్తారా అన్నది కాదు. అది వీధిలోకి చూస్తే తెలుస్తుంది, తెలిసినదానికి మార్కెట్టు డబ్బివ్వదు. వచ్చిన జనం పెట్టే ఖర్చులో ముందు అప్పులవాడు, తర్వాత సర్కారు, కరెంటు కంపెనీ, కూలీ తీసుకున్నాక ఎంత మిగులుతుంది, ఆ మిగిలింది ఇప్పుడు ఎంతమందికి పంచాలి అని అడగాలి.

మా బావమరిది అడగలేదు. ఆ ఏప్రిల్లోనే కొన్నాడు. ఏ కంపెనీయో రాయొద్దన్నాడు, వాళ్ల ఆవిడకి ఇంకా తెలియదట. అమ్మలేదు కూడా, "దీర్ఘకాలిక మదుపు బావా" అంటాడు. నష్టంలో ఉన్న షేర్లన్నిటికీ ఆ పేరే. మొన్న మొదటి డివిడెండు పడిందని సంబరంగా ఫోన్ చేశాడు. ఆ డబ్బుతో ఆ కంపెనీ పబ్బుకే వెళ్లాడట. ఎంత వచ్చిందిరా అంటే, రెండో పింటుకి చేతి డబ్బులు కాస్త వేసుకోవాల్సి వచ్చిందన్నాడు.