కంపనముల నుండి విద్యుత్తు

హైదరాబాదు నుండి కరీంనగరం పోవు రాజీవ్ రహదారి తూంకుంట మీదుగా శామీర్‌పేట చేరును. ఆ ప్రాంతమున ఎటు చూచినను గ్రానైటు బండలే. గ్రానైటులోని ముఖ్య ఖనిజములలో పలుగు ఒకటి. పలుగు స్ఫటికమును ఒత్తినచో విద్యుత్తు పుట్టును. మరి లారీలు రాత్రింబగళ్లు నేలను అదరగొట్టుచుండగా ఆ బండల నుండి మనకు విద్యుత్తు ఏల లభించుట లేదు?

పలుగులో సిలికాన్ పరమాణువులకు ధనావేశము, ఆక్సిజన్ పరమాణువులకు ఋణావేశము ఉండును. మామూలుగా ఇవి సరితూగియుండును. స్ఫటికమును తగిన దిశలో ఒత్తినపుడు పరమాణువులు ఇంచుక జరిగి, ఒక ముఖమున ధనావేశము, ఎదుటి ముఖమున ఋణావేశము ఏర్పడును. 1880లో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను ఫ్రెంచి సోదరులు దీనిని కనుగొనిరి. దీనినే పీడన విద్యుత్తు అందురు. వంటింటి గ్యాసు లైటరులో నిప్పురవ్వ పుట్టుట దీనివలననే.

గ్రానైటులో పలుగు రేణువులు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు తిరిగియుండును. ఒకదాని ఆవేశమును మరియొకటి కొట్టివేయును. తలకొక దిక్కునకు లాగిన తాడు కదలనట్లే, మొత్తము ఫలితము దాదాపు శూన్యము.

లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అను పింగాణి వంటి పదార్థములోను మొదట ఇదే చిక్కు. దానిని వేడిచేసి, బలమైన విద్యుత్ క్షేత్రములో ఉంచినచో రేణువులలోని ధ్రువములు చాలవరకు ఒకే దిశకు మరలును. అట్టి పలుచని బిళ్లను లోహపు పట్టీపై అతికించి, పట్టీ ఒక కొనను బిగించి, రెండవ కొనకు చిన్న బరువు కట్టుదురు. ఊయలను దాని లయకు తగినట్లు ఊపినపుడు ఎక్కువగా ఊగును గదా! అట్లే బయటి కంపనము పట్టీ సహజ కంపనముతో కలిసినపుడు పట్టీ మిక్కిలి వంగును. విద్యుత్తు హెచ్చుగా పుట్టును. ఇది ఏకాంతర విద్యుత్తు. దీనిని డయోడ్లతో ఏకముఖము చేసి కెపాసిటరులో నిలువచేయుదురు.

ఈ శక్తి ఎంత? ఒక మిల్లీవాటు చొప్పున గంటసేపు కూడబెట్టినను 3.6 జౌళ్లే. పది వాట్ల దీపము దీనితో అర సెకను కూడ వెలుగదు. కాని వంతెనపై అమర్చిన చిన్న పరికరము గంటకొకసారి మేల్కొని, 0.1 జౌలు ఖర్చుతో కొలతను రేడియో ద్వారా పంపగలదు. దానికి బ్యాటరీ మార్చు పని తప్పును.

రోడ్ల క్రింద ఇట్టి పలకలు పరచి ఊళ్లకు ఉచితముగా దీపములు వెలిగింపవచ్చునని తలచుట పొరపాటు. చక్రము క్రింద పలక కుంగునపుడు ఆ శక్తిని ఇచ్చునది లారీలోని డీజిలే. ఎటులైనను వృథాగా పోవు అదురును పట్టుకొన్నపుడే అది నిజమైన ఆదా.