మళ్లీ వస్తుందేమోనన్న బెంగ

ఇంట్లో ఎవరైనా తుమ్మితే పెద్దవాళ్లు "చిరంజీవ" అనేవాళ్లు. 2020 తర్వాత ఆ మాట పోయి, తుమ్మినవాళ్ల వంక అందరూ ఒక్కసారి తిరిగి చూడటం మొదలైంది. ఎండుమిరపకాయల పోపు ఘాటుకి దగ్గినా సరే, పక్కగదిలోంచి "ఏమిటా దగ్గు?" అని గొంతు వినబడేది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ చూపులు పోయాయి. మాస్కులు బీరువాలో అడుగు అరకి చేరాయి. కానీ కొందరిలో ఆ భయం అలాగే కూర్చుండిపోయింది. ముఖ్యంగా ఒకసారి కోవిడ్ గట్టిగా వచ్చి లేచినవాళ్లలో, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లలో. "ఈసారి వస్తే నేను బతకను" అని లోపల ఒక మాట తిరుగుతూనే ఉంటుంది. చెబితే నవ్వుతారని బయటికి చెప్పరు.

నవ్వాల్సిన విషయం కాదిది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆస్పత్రిలో ఒక్క మంచం కోసం, ఒక్క ఆక్సిజన్ సిలిండరు కోసం ఊళ్లు తిరిగినవాళ్లున్నారు. కడసారి చూపు కూడా దక్కనివాళ్లున్నారు. అంత చూసిన మనసు, గొంతు కాస్త గరగరలాడగానే ఉలిక్కిపడిందంటే ఆశ్చర్యమేముంది? ఆ భయంతోనే కదా ఆ మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి మందు కోసం వేలమంది వెళ్లి ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నిలబడ్డారు! గుంపులోకి వెళ్లొద్దన్న జబ్బుకి మందు కోసం గుంపులో నిలబడటం. భయం మనిషి చేత అలాంటి పనులే చేయిస్తుంది.

అయితే ఈ బెంగ దేనివల్ల పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో తెలిస్తే దాన్ని లొంగదీసుకోవడం కష్టమేమీ కాదు.

భయం కూడా ఆయాసం తెస్తుంది

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. భయానికి కూడా జబ్బు లక్షణాలు ఉంటాయి. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఛాతీ బిగబట్టినట్టు ఉండటం, గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఉండటం, ఇవన్నీ భయం ఒక్కదానితోనే వస్తాయి. భయపడినప్పుడు మనకి తెలియకుండానే పైపైన గబగబా ఊపిరి పీలుస్తాం. అలా పీల్చి వదులుతుంటే రక్తంలో ఉండాల్సిన బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దాంతో మూతి చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి, తల తేలిపోయినట్టు ఉండటం, పైగా "గాలి అందట్లేదు" అనిపించటం. అసలు సంగతేమిటంటే ఊపిరి చాలక వచ్చిన బాధ కాదది, ఎక్కువ పీల్చడం వల్ల వచ్చింది. అందుకే ఆ క్షణంలో ఆక్సీమీటరు పెట్టి చూస్తే 98 చూపిస్తుంది, మనిషి మాత్రం గిలగిల్లాడుతూ ఉంటుంది.

అలాంటప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుని, ముక్కుతో మామూలుగా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి వేడిపాలు చల్లార్చుకున్నట్టు నెమ్మదిగా వదలాలి. పీల్చినదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండాలి. అయిదు నిమిషాలు ఇలా చేస్తే తిమ్మిరి దానంతటదే తగ్గుతుంది. తగ్గిందంటే చాలావరకు అది భయమే అని గుర్తు.

మన ఆడవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. నలభై అయిదు, యాభై దాటాక నెలసరి ఆగిపోయే రోజుల్లో ఉన్నట్టుండి ఒళ్లంతా వేడి ఆవిర్లు కమ్ముతాయి, చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది. జ్వరమేమోనని హడలిపోతాం. రక్తం తక్కువగా ఉన్నా మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. థైరాయిడ్ తేడా చేసినా దడ, నీరసం ఉంటాయి. కాబట్టి ఇలా తరచుగా అనిపించేవాళ్లు ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకుని రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఏదన్నా ఉంటే మందు దొరుకుతుంది. లేదంటే లేదని తేలిపోతుంది. కోవిడ్ తగ్గాక నెలల తరబడి నీరసం, ఆయాసం వదలనివాళ్లు కూడా ఉన్నారు, అది నిజంగా ఉన్న సమస్యే. దాన్ని "నీ భ్రమ" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేయకూడదు.

ఒంటి వేడి సంగతీ అంతే. 98.6 అన్నది రాతిమీద గీత కాదు. పొద్దున్న తక్కువ, సాయంత్రానికి కొంచెం ఎక్కువ ఉండటం అందరికీ మామూలే. 100.4 దాటితే జ్వరం అంటారు డాక్టర్లు. పొయ్యి దగ్గర గంటసేపు నిలబడి వచ్చి, వేడికాఫీ తాగి, వెంటనే థర్మామీటరు నోట్లో పెట్టుకుంటే అది ఎక్కువే చూపిస్తుంది మరి!

మా పిన్ని లెక్కల పుస్తకం

తెనాలిలో ఉండే మా పిన్నికి అరవై దాటాయి. 2021 మేలో బాబాయి పోయారు. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నారు. రోజూ ఫోన్లో "ఆక్సిజన్ ఎంతుంది?" అన్న ఒక్క ప్రశ్నతోనే ఆవిడకి తెల్లవారేది, పొద్దుగూకేది. ఆ అంకె ఆవిడని వదల్లేదు. బాబాయి కోసం కొన్న ఆక్సీమీటరు జాకెట్లో పర్సుతోపాటు పెట్టుకుని తిరిగేది. దీపం పెట్టే ముందొకసారి, పెట్టాక ఒకసారి. పొద్దున లేవగానే ఇంగువ డబ్బా మూత తీసి వాసన చూసుకునేది, ముక్కు పనిచేస్తోందా అని. 2020, 21లలో వాసన తెలియకపోవడం పెద్ద గుర్తుగా ఉండేది కదా. ఆ తర్వాత వచ్చిన ఒమిక్రాన్ రకాల్లో అది బాగా తక్కువ. పైగా మామూలు రొంపకి ముక్కు దిబ్బడేసినా వాసన తెలియదు. ఎవరు చెప్పినా ఆవిడ ఇంగువ డబ్బా మానలేదు.

2024లో హైదరాబాదులో కూతురికి పాప పుట్టింది. పిన్ని వెళ్లింది. వెళ్లి మాస్కు తీయకుండా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఎత్తుకో అమ్మా" అంటే "వద్దే తల్లీ, నా ఊపిరి దానికి తగలకూడదు" అనేది. దాని ఊపిరి తనకి తగలకూడదన్నది కూడా ఉందందులో, అది మాత్రం పైకి అనలేదు. బాలింతకి పథ్యం వంట పనిమనిషి చేసింది, తల్లి ఇంట్లో ఉండగా. పదో రోజున పిన్ని తెనాలి వచ్చేసింది. కూతురు ఏమీ అనలేదు గానీ ఫోన్లు తగ్గించేసింది. భయం వల్ల ఒంటికేమీ కాకపోవచ్చు, సంసారాల్లో ఇలాంటి పగుళ్లు పడతాయి.

ఆ తర్వాత అల్లుడే పట్టుబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాడు. "నాకేమన్నా పిచ్చా?" అని పిన్ని ఏడ్చింది. ఆయన మందులకంటే ముందు ఒక పని చెప్పారు. "ఆక్సీమీటరు మానొద్దమ్మా. చూసినప్పుడల్లా టైము, అంకె, చూసేముందు ఎంత భయం వేసిందో పదికి మార్కులు వేసి రాయండి" అన్నారు. పిన్ని పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో రాసింది. మొదటిరోజు పద్దెనిమిది సార్లు! వారం తిరిగేసరికి తనకే కనబడింది. అంకె 97, 98, 97, 98. మారేది అంకె కాదు. చూడగానే భయం పది నుంచి మూడుకి దిగుతోంది, అరగంటలో మళ్లీ ఏడుకి ఎక్కుతోంది. చూడటమే ఇంకోసారి చూసేట్టు చేస్తోంది.

దురదకీ దీనికీ తేడా లేదు. గోకితే ఆ నిమిషం హాయి, తర్వాత ఇంకా ఎక్కువ దురద. ఆస్తమానం గొంతు తడుముకోవడం, అద్దంలో నాలుక చూసుకోవడం, "నా ఒళ్లు వెచ్చగా ఉందేమో చూడు" అని ఇంట్లోవాళ్లని అడగడం, ఫోన్లో లక్షణాలు వెతకడం అన్నీ ఆ గోకుడు కిందకే వస్తాయి.

ఆ డాక్టరుగారు ఒకేసారి మానెయ్యమనలేదు. మొదటి వారం పద్దెనిమిది నుంచి పన్నెండు. తర్వాత ఆరు. ఆపైన పొద్దున, సాయంత్రం. చూడాలని ప్రాణం లాగినప్పుడు వెంటనే కాకుండా ఇరవై నిమిషాలాగి చూడమన్నారు. ఆ ఇరవై నిమిషాల్లో పిన్ని చిక్కుడుకాయలు ఈనెలు తీసేది, మినప్పప్పు కడిగేది. కొన్నిసార్లు చూడటం మర్చిపోయేది కూడా. బయటికి వెళ్లడమూ అలాగే మెట్టు మెట్టుగా. మొదట గుడి బయట అరుగు మీద, తర్వాత జనం పలచగా ఉండే మధ్యాహ్నం పూట రైతుబజారు, ఆ తర్వాత దగ్గరివాళ్ల పేరంటం. భయం తగ్గేదాకా అక్కడే ఉండాలి, భయం వేసినప్పుడు లేచి వచ్చేయకూడదు. అదీ షరతు. నాలుగు నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది కూడా. పాప అన్నప్రాశనకి మాత్రం పాయసం పిన్నే వండి, ఒళ్లో కూర్చోబెట్టుకుని వెండి చెంచాతో నాకించింది. మాస్కు లేకుండా.

ఉంచుకోవాల్సినవి, వదిలెయ్యాల్సినవి

జాగ్రత్త వేరు, బెంగ వేరు. కోవిడ్ పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది, అంతే. 2025 మే, జూన్ నెలల్లో మనదేశంలో కేసులు కొంచెం పెరిగితే మళ్లీ టీవీల నిండా అదే గోల. ఈ జబ్బు మళ్లీ మళ్లీ రావచ్చు. ఎందుకంటే టీకా వల్లనో ఒకసారి జబ్బు పడటం వల్లనో వచ్చిన శక్తి, సోకకుండా ఆపడంలో కొన్ని నెలలకి తగ్గుతుంది. కానీ ప్రాణం మీదికి రాకుండా కాపాడే శక్తి అంతకంటే చాలాకాలం నిలుస్తుంది. 2021లో మనలో చాలామందికి ఆ రక్షణ లేదు, ఇప్పుడు ఉంది. అప్పటి రోజులతో ఇప్పటిని పోల్చుకోకూడదని డాక్టర్లు చెప్పేది అందుకే.

అందుకని పెద్దవయసువాళ్లు, షుగరు, కిడ్నీ, గుండెజబ్బు, క్యాన్సరు చికిత్సలో ఉన్నవాళ్లు, గర్భిణులు కొన్ని పద్ధతులు ఉంచుకోవాలి. ఆస్పత్రికి వెళ్తే మాస్కు. కిక్కిరిసిన బస్సులో మాస్కు. ఇంట్లో కిటికీలు తెరిచి పెట్టుకోవడం, ఇది అందరికీ మంచిదే, ఎందుకంటే ఈ జబ్బు ముఖ్యంగా గాలిలోంచే వస్తుంది. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు పెళ్లిళ్లకి వెళ్లకుండా ఇంట్లో ఉండటం. షుగరు, బీపీ అదుపులో పెట్టుకోవడం. అంతకంటే పెద్ద కవచం లేదు.

ఇక పాలప్యాకెట్లు సబ్బుతో కడగడం, కూరగాయలు ఎండలో ఆరబెట్టడం మానెయ్యచ్చు. కూరలు మంచినీళ్లతో కడిగితే చాలు. రోజుకి మూడుసార్లు ఆవిరి పట్టడం కూడా అక్కర్లేదు. ముక్కు దిబ్బడకి కాస్త హాయిగా ఉంటుందేగానీ ఆవిరికి వైరస్ చావదు, మరుగునీళ్ల గిన్నె ఒలికి ఒళ్లు కాల్చుకున్నవాళ్లు చాలామంది. మిరియాలు, శొంఠి దట్టంగా వేసిన కషాయాలు పూటపూటా తాగితే కడుపులో మంట, ఛాతీలో మంట. ఆ ఛాతీమంట చూసి మళ్లీ భయం! చారులో నాలుగు మిరియాలు దంచి వేసుకోండి, అది రుచికి. విటమిన్ డి బిళ్లలు కూడా డాక్టరు చెప్పనిదే నెలల తరబడి మింగకూడదు, ఎక్కువైతే చెరుపే. అలాగే నిద్ర పట్టట్లేదని మందుల షాపులో అడిగి బిళ్లలు తెచ్చుకోవడం అస్సలు పనికిరాదు, అవి అలవాటుపడితే వదలవు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలో ముందే ఒక కాగితం మీద రాసి వంటింటి గోడకి అంటించుకుంటే, ప్రతి తుమ్ముకీ ఆలోచించే పని తప్పుతుంది. జ్వరం మూడు రోజులు దాటినా, కూర్చుని ఉండగానే ఆయాసం వచ్చినా, ఛాతీనొప్పి వచ్చినా, మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా, ఆక్సిజన్ 94కి తగ్గినా ఆలస్యం చేయకూడదు. అయితే ఆక్సీమీటరు చూసేటప్పుడు అయిదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వేలు వెచ్చగా ఉండేట్టు చూసుకోవాలి. గోళ్లరంగు ఉంటే తుడిచేయాలి. చల్లటి వేలికి, కదిలే వేలికి తప్పు అంకె వస్తుంది. రెండుసార్లు చూసినా తక్కువే ఉంటే అప్పుడు బయల్దేరండి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. "నీకన్నీ అనుమానాలే" అని విసుక్కుంటే మనిషి ముడుచుకుపోతుంది. అడిగినప్పుడల్లా "ఏం కాదు, ఏం కాదు" అనడం కూడా మంచిది కాదు, అది ఆక్సీమీటరు చూడటం లాంటిదే, పది నిమిషాలు పనిచేస్తుంది. మా పిన్ని కూతురు చివరికి నేర్చుకున్న మాట ఏమిటంటే, "భయంగా ఉందా అమ్మా? సాయంత్రం చూద్దాంలే, ముందు నాతో రా." ఏ పనికైనా సరే, తోడు తీసుకెళ్లేది.

రెండు మూడు వారాలైనా నిద్ర, తిండి, ఇంటిపని ఈ భయం వల్ల చెడిపోతూనే ఉంటే మానసిక వైద్యుణ్ణి చూడటానికి సిగ్గుపడక్కర్లేదు. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో ఈ విభాగం ఉంటుంది. వెళ్లడానికి తోడు లేనివాళ్లు 14416 నెంబరుకి ఫోన్ చేయొచ్చు. అది కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడతారు.