తిన్నది ఒంటికి పట్టకపోతే...

రక్తహీనత అనగానే మనకు ఇనుము లోపమే గుర్తుకొస్తుంది. కాని ఇనుము చాలినంత ఉన్నా, విటమిన్ బి-12 అందకపోతే ఎముకల మూలుగలో ఎర్రకణాలు సరిగా తయారుకావు. మామూలు కంటే పెద్దవిగా, తక్కువ సంఖ్యలో వస్తాయి. ఈ విటమిన్ మనకు రోజుకు సుమారు 2 మైక్రోగ్రాములు చాలు. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో ఇది లభిస్తుంది. మరి ఇవన్నీ తినేవారిలో కూడా కొందరికి ఈ లోపం ఎందుకు వస్తుంది?

కాసిల్ ప్రయోగం

ఒకప్పుడు 'ప్రాణాంతక రక్తహీనత'కు మందు లేదు. 1926లో అమెరికాలో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు రోగులకు రోజూ పశువుల కాలేయం ఎక్కువగా తినిపించి బతికించారు. అయితే ఆరోగ్యవంతులకు అంత కాలేయం అవసరం లేదు కదా! ఈ తేడా ఎక్కడుందో విలియం కాసిల్ వెదికాడు. తాను మాంసం తిని, గంట తర్వాత దానిని జీర్ణాశయం నుంచి బయటకు తీసి, గొట్టం ద్వారా రోగులకు ఎక్కించాడు. కొద్ది రోజుల్లోనే వారి రక్తంలో కొత్త ఎర్రకణాలు కనిపించాయి. మాంసం ఒక్కటే ఇచ్చినా, జఠరరసం ఒక్కటే ఇచ్చినా ఫలితం లేదు.

జఠరరసంలోని ఆ రహస్యం ఒక ప్రోటీను. దానిని 'అంతర్గత కారకం' అంటారు. ఇది బి-12ను పట్టుకుని చిన్నప్రేగు చివరి భాగానికి చేరిస్తేనే అక్కడ విటమిన్ రక్తంలోకి పోతుంది. ఈ వ్యాధిలో శరీర రక్షణ వ్యవస్థే ఆ ప్రోటీనును తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. జీర్ణాశయం గాని, చిన్నప్రేగు చివరి భాగం గాని తొలగించినవారికీ ఈ ఇబ్బంది వస్తుంది. మెట్‌ఫార్మిన్, ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఏళ్ల తరబడి వాడినా శోషణ తగ్గవచ్చు.

నరాలకు ముప్పు

1945లో మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానితో ఈ రోగుల రక్తం మెరుగుపడింది గాని, నరాలు దెబ్బతినడం ఆగలేదు. 1948లో బి-12ను వేరుచేశాక అసలు మందు దొరికింది.

అందుకే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడుతున్నా కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం, మతిమరుపు ఉంటే బి-12 పరీక్ష గురించి డాక్టరును అడగండి. మాత్రలను మాత్రం సొంతంగా మానకండి. సూదిమందు ప్రేగుతో పని లేకుండా విటమిన్‌ను నేరుగా అందిస్తుంది. ఆలస్యమైతే రక్తం కోలుకున్నా, నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.