తాగుడు మానేవాడికి కూర్చునే చోటు కావాలి

అనంతపురం కరువు పల్లెల్లో మేం తిరిగినప్పుడు కూలి ఆడవాళ్ళు చెప్పే మాట ఇంచుమించు ఒకటే. "మానతా అనే అంటాడన్నా. రెండు దినాలు మానతాడు. మూడోదినం పొద్దుగూకేసరికి ఇంట్లో కుదురుగా ఉండలేడు. యాడికి పోతాడు? మళ్ళీ ఆడికే పోతాడు."

ఈ మాటను కార్యకర్తలు బాగా ఆలోచించాలి. మన ఊళ్ళల్లో కూలోడు సాయంత్రం పూట నలుగురితో కూర్చునే చోటు బెల్టు షాపు ఒక్కటే అయిపోయింది. వానలేక శనక్కాయ ఎండినా, బోరు అడుగంటినా, అప్పులోడు తలుపు తట్టినా అక్కడికే పోతాడు. తాగుడు మానమంటే ఆ చోటును, ఆ జతగాళ్ళను కూడా వదలమన్నట్టే. మరి బదులుగా మనం చూపించే చోటేది?

దుకాణాల మీద పోరాటం మన కష్టజీవులకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారాను ఊరి నుంచి తరిమారు. ఆ పోరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించక తప్పలేదు. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. 2019లో దుకాణాలను ప్రభుత్వమే నడపసాగింది. 2024 అక్టోబరులో అవి మళ్ళీ ప్రైవేటువాళ్ళ చేతికి పోయాయి. మడకశిర, రాయదుర్గం పల్లెలకైతే కర్ణాటక పొలిమేర పక్కనే. ఇక్కడ మూస్తే అక్కడి సరుకు దిగుతుంది. దుకాణాల మీద పోరు సాగాల్సిందే. దాంతోపాటు తాగేవాడిని నిలబెట్టే పని కూడా ఎవరో ఒకరు చెయ్యాలి.

ముందు ఒక సంగతి. తాగుడుకు బానిస కావడాన్ని వైద్యశాస్త్రం జబ్బుగానే లెక్కిస్తుంది. ఏళ్ళ తరబడి తెల్లారగానే తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, నిద్ర రాదు. కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజుల్లో లేనివి కనిపించి, మతి తప్పి, ప్రాణం మీదకు కూడా రావచ్చు. అలాంటివాడిని గదిలో వేసి గొళ్ళెం పెట్టొద్దు. తెలియకుండా అన్నంలో మందు కలపొద్దు. దానిమీద సారా తాగితే ప్రాణం పోవచ్చు. మొదట డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో దీనికోసమే ప్రత్యేక విభాగం ఉంది.

వణుకు తగ్గి ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. అప్పుడు కావలసింది తోటివాళ్ళ కూటమి. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు కలిశారు. ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్ళే. ఒకరి కథ ఒకరికి చెప్పుకుంటూ ఇద్దరూ మానుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే కూటమి అలా పుట్టి, 1950ల్లో మన దేశానికీ వచ్చింది.

ఆ మీటింగు ఎలా ఉంటుంది? గంటో గంటన్నరో కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, నీతులు చెప్పరు. చేరడానికి రుసుము లేదు. టీ ఖర్చుకు తోచినవాళ్ళు తోచినంత వేస్తారు. కులం, ఇంటిపేరు అడగరు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. మానాలనే కోరిక ఉంటే చాలు. జీవితమంతా తాగనని ఒట్టు పెట్టుకోనక్కరలేదు. ఈ ఒక్క రోజు తాగకుండా ఉంటే చాలంటారు. జారిపడినవాడు మళ్ళీ రావచ్చు. వాళ్ళ మాటల్లో దేవుడి ప్రస్తావన ఉంది గానీ, ఎవరు ఎలా అర్థం చేసుకుంటే అలా అని వాళ్ళే అంటారు. నమ్మకం లేనివాళ్ళూ కూర్చోవచ్చు. భార్యాబిడ్డలకు అల్-అనాన్ అని వేరే కూటమి ఉంది.

ఎలా కనుక్కోవాలి? 14446కు ఫోను చేసి దగ్గరి వైద్య కేంద్రం, మీటింగు వివరాలు అడగండి, డబ్బు పడదు. మనసు బాగాలేనివాళ్ళకు 14416 ఉంది. ఈ మీటింగులు ఎక్కువగా పట్నాల్లోనే జరుగుతాయి. బెంగుళూరుకు కూలికి పోయినవాళ్ళు అక్కడే వాకబు చేసుకోవచ్చు. కొన్ని మీటింగులకు ఎవరైనా రావచ్చు, కొన్ని తాగుడు సమస్య ఉన్నవాళ్ళకే. ఏది ఎలాంటిదో, ఏ భాషలో నడుస్తుందో అడిగి పోండి.

పల్లెల్లో సాధ్యమా? తమిళనాడులో మంజక్కుడి అనే పల్లె ఉంది. మద్రాసుకు చెందిన టి.టి.కె. ఆసుపత్రి వాళ్ళు 1989 నుంచి అక్కడ వైద్య శిబిరాలు నడిపారు. రోగిని పట్నానికి రమ్మనకుండా వైద్యాన్నే పల్లెకు తెచ్చారు, ఇంటివాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడారు. అక్కడ జరిగింది మన దగ్గర ఎందుకు జరగదు? ప్రభుత్వాన్ని అలాంటి శిబిరాలు అడుగుదాం. మద్యం మీద ఖజానాకు వచ్చే డబ్బులో కొంత దీనికి ఖర్చు పెట్టమని అడగడం మన హక్కు.

అందాకా సంఘం చేయగల పని ఉంది. వారానికి ఒక సాయంత్రం, కూలి చేతికొచ్చే రోజే, ఒక గది తెరవండి. రచ్చకట్ట మీద వద్దు, అందరి చెవినీ పడుతుంది. పేటవాళ్ళూ ఊరివాళ్ళూ జంకు లేకుండా రాగల చోటు చూడండి. తాగుడు మానుకున్నవాడు ఒకడుంటే అతనితోనే మొదలుపెట్టించండి. కార్యకర్తలు ఉపన్యాసం ఇవ్వకుండా తలుపు తీసి, దీపం వెలిగించి, బయట కూర్చోండి. ఇద్దరే వచ్చినా నడపండి. ఏక్రన్‌లో మొదట కూర్చున్నదీ ఇద్దరే.